మా ఇంటి తిండి కత రాద్దామని కూసుంటే



నాట్లు ఒడిసినయి. మొదటి కలుపు ఇంకా రాలేదు. ఏడాది మొత్తంల నాకు కాయితం పట్టుకొని కూసునే తీరిక ఈ పది పన్నెండు రోజులే. పోయినసారి తూముల గురించి రాస్త అని మాటిచ్చిన, అది మల్ల ఎప్పుడన్న రాస్త. ఇయ్యాల వేరే ముచ్చట. జర పొడుగున్నది, పొలం గట్టు మీద కాకుండ ఇంటికి పోయినంక చదువుకోండ్రి.

మొన్న ఆదివారం మా ఇంటామె రామప్ప గుడి కాడ మక్క కంకులు కాల్చి అమ్ముతుంటే, సంచి దించి వద్దామని పోయిన. ఎక్కడినుంచో బడి పిల్లలు బస్సుల వచ్చిన్రు. వాళ్ళకు చెప్పేటాయన మనకు తెలిసిందే చెప్తున్నడు. 1213ల కట్టిన్రు, కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిండు, నీళ్ళ మీద తేలే ఇటుకలు, ఇసుక పునాది, 2021 జులై 25న యునెస్కో గుర్తింపు. పాలంపేటల పుట్టినోడెవ్వడైనా నిద్రల లేపి అడిగినా చెప్తడు ఇవి. అందుల ఒక పోరడు, ఐదో ఆరో చదువుతుండొచ్చు, కంకి కొరుక్కుంట అడిగిండు: "సార్, ఈ రాళ్ళు మోసినోళ్ళు ఏం తిన్నరు?"

వాళ్ళ సారు "అన్నం తిన్నర్రా, ఇంకేం తింటరు" అన్నడు. నేను పక్కనే ఉన్న, ఊరోణ్ణాయె, నోరు ఊకుండదాయె. "ఇగో బాబూ, నీ చేతులున్న మక్కలే ఇసిరి గట్క ఒండుకొని తిన్నరు" అన్న. పిలగాడు సంబురపడ్డడు. సారు సుత తల ఊపిండు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే యాదికొచ్చింది, నేను చెప్పింది శుద్ధ తప్పు. ఇంటర్ల చదువుకున్నదే. కొలంబస్ అమెరికాకు పోయింది 1492ల. వాస్కోడిగామా మన దేశం ఒడ్డుకు దిగింది 1498ల. మక్క పుట్టిందే అమెరికా ఖండంల. ఆ తర్వాతనే పోర్చుగీసోళ్ళ ఓడల మీద మెల్లగ మన దిక్కు వచ్చింది. రామప్పకు రాయి మోసేనాటికి ఈ దేశంల మక్క గింజ లేదు. ఇంకో మూడు వందల ఏండ్లకు గానీ రాదు.

మక్క ఒక్కటే అయితే బాగుండు. మిరపకాయ సుత అక్కడిదే. టమాట, ఆలుగడ్డ, పల్లికాయ, జామ, బొప్పాయి, ఆఖరికి మన గుట్టల పొంటి ఎవ్వలు నాటకున్నా మొలిచే సీతాఫలం కూడ బయటనుంచి వచ్చిందే. ఎనుమాముల మార్కెట్ల ఓరుగల్లు మిర్చి అని మనం జబ్బలు చరుచుకుంటం గని, ఓరుగల్లు ఏలిన కాకతీయుల నాలుకకు మిర్చి కారమే తెల్వదు. వాళ్ళకు కారం అంటే మిరియాలు, అల్లం, ఆవాలు. సర్వపిండిల పల్లీలు లేవు, పచ్చిపులుసుల పచ్చిమిరపకాయ లేదు. ఎట్ల తిన్నరో ఏమో.

ఉన్నయి కూడ మస్తున్నయి. వరి ఉన్నది. జొన్న, సజ్జ, తైద ఉన్నయి. ఇవి ఆఫ్రికా నుంచి వచ్చినయే గని వేల ఏండ్ల కింద వచ్చినయి, అప్పటికే మన చెల్కలకు పాతకాపులు. కొర్ర, సామ, అరిక ఉన్నయి. కంది, పెసర, మినుము, ఉలువ ఉన్నయి. నువ్వుల నూనె, చింతపండు, వంకాయ, చెరువు చాప, అడివిల ఇప్పపువ్వు. రాయి మోసినోళ్ళు ఇందుల ఏది తిన్నరో శాసనంల మాత్రం దొరకదు. గుడి ముంగట శాసనంల కట్టించినాయన వంశం ఉన్నది, ఆయన పరాక్రమం ఉన్నది. చెరువు కట్టకు మట్టితట్ట మోసిన ఆడమనిషి సద్దిమూటల ఏమున్నదో రాసినోడు లేడు.

పుస్తకాలల్ల కొంచెం దొరుకుతది. వినుకొండ వల్లభరాయుని క్రీడాభిరామంల ఓరుగల్లు పట్నం వర్ణన ఉన్నది కదా, అందుల ఒక పూటకూళ్ళ ఇంటి భోజనం వస్తది. ఒక రూక ఇస్తే సన్నబియ్యం బువ్వ, గోధుమ పిండివంట, చక్కెర, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుకునేటియి, గడ్డపెరుగు. చదువుతుంటేనే కడుపు నిండుతది. గని అది రూక చేతుల ఉన్నోడి తిండి. పొద్దుందాక మట్టి మోసినోడు ఆ ఇంటి అరుగు ఎక్కి ఉండడు.

సురవరం ప్రతాపరెడ్డి గారు ఇట్లాంటియి కావ్యాల సందుల నుంచి ఏరి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" రాసిండు. 1949ల వచ్చింది. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి బహుమతి, 1955ల, ఆ పుస్తకానికే. రాజు ఎవన్ని గెలిచిండు అని కాదు, జనం ఏం తిన్నరు, ఏం కట్టుకున్నరు, ఏం ఆటలాడిన్రు అని రాసిండు. పాలమూరు జిల్లా పల్లెల పుట్టినాయన కాబట్టే ఆ ధ్యాస వచ్చిందని నాకనిపిస్తది.

ఇగ అసలు సంగతి. పట్నంల ఉండే నా బిడ్డ ఏడాది నుంచి చెప్తున్నది, "బాపూ, మనింట్ల ఎనుకట ఏం తినేటోళ్ళు, ఎట్ల ఒండేటోళ్ళు, రాసిపెట్టు. ముసలమ్మకు యాది ఉన్నప్పుడే రాయి" అని. ముసలమ్మ అంటే మా అవ్వ. రాస్త రాస్త అనుకుంట దాటేసిన. ఆ పోరడు అడిగిన నాడు రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్న.

ఎట్ల రాయాలన్నది పెద్ద తిప్పల. మొదలు కాకతీయుల నుంచి మొదలువెట్టిన. రెండు పేజీలు రాసి చదువుకుంటే బడి పుస్తకం లెక్క ఉన్నది, మా ఇల్లు అందుల ఎక్కడ లేదు. చింపేసిన. తర్వాత వంటల పేర్లు రాసుకున్న. గట్క, అంబలి, జొన్నరొట్టె, పుంటికూర, తొలి ఏకాశికి పేలాల పిండి, బతుకమ్మకు సద్దులు, సంక్రాంతికి సకినాలు. అది హోటల్ బోర్డు లెక్క వచ్చింది. పండుగల తిండి ఏడాదిల పది రోజులే కదా, మిగిలిన మూడు వందల యాభై ఐదు రోజులు ఏం తిన్నమన్నది అందుల లేదు. ఆఖరికి ఏం చేసిన్నంటే, ఇంట్ల మనుషుల పేర్లు రాసుకొని, ఒక్కొక్కరు ఏ ఏండ్లల్ల ఏం తిన్నరు, ఎవ్వరి చేతిది తిన్నరు, ఆ గింజ ఎక్కడిది అని గీతలు కొట్టుకున్న.

అవ్వకు ఏండ్లు తెల్వయి. రజాకార్ల గడబిడల తల్లి చంకల ఉన్ననంటది. అంటే 1948కి ఏడాదో రెండేండ్లో ఉంటయి. మిగిలినయన్ని ఆమె లెక్కలే. చెరువు అలుగు పోసిన యేడు, పెద్ద కరువు యేడు, రెండ్రూపాల బియ్యం వచ్చిన యేడు. మేడారం జాతర రెండేండ్లకోసారి కాబట్టి "నీ పెద్దన్న పుట్టినంక మూడో జాతర" అంటే ఏళ్ళు ముడిచి లెక్క దొరకబట్టొచ్చు. మీరెవరన్న ఇట్ల రాద్దామనుకుంటే ఇదొక్కటి చెయ్యండ్రి. సన్ తారీకు అడుగకుండ్రి, ఆ యేడు వానలు ఎట్లుండె, ఎవ్వరి పెండ్లాయె అని అడుగుండ్రి.

మొదటి పేజీల నాకు తగిలిన ప్రశ్న ఏందంటే, చెరువు కింద ఊరు, వందల ఏండ్ల నుంచి వరి పండుతున్నది, మరి మా ఇంట్ల బువ్వ ఎందుకు లేకుండె? నా చిన్నప్పటి దాక "వరన్నం" అంటే పండుగకు, చుట్టానికి, జరమొచ్చినోనికి. రోజుటి తిండి జొన్న, మక్క. మా బాపమ్మ బియ్యం బువ్వను ఒక్కనాడు "తిండి" అనలే. తిండి అంటే గట్కనే.

జవాబు కల్లం కాడ ఉన్నది. బాపమ్మ చెప్పిన ముచ్చటలు బాపు చెప్పినయి కలుపుకుంటే ఇట్ల తేలింది. ఒడ్లు తూర్పార పట్టంగనే ముందు నీరటికి, వడ్లాయనకు, కమ్మరికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి మేరలు. అది న్యాయమే, ఏడాదంత చేసిన పనికి కూలి. తర్వాత నాగు. ఎండకాలం తినతందుకో విత్తనానికో పుట్టి తెస్తే పంటకు పుట్టిన్నర కట్టుడు. తర్వాత శిస్తుకు అమ్ముడు. అన్ని పోయినంక కల్లంల మిగిలింది గడ్డి, తాలు. అందుకే మడికట్టు ఒడ్లు బయటికి, చెల్క జొన్నలు ఇంట్లకు. వరి పైసల పంట, జొన్న పొట్ట పంట. ఇప్పుడు పత్తి, మిర్చి ఎట్లనో అప్పుడు మా ఇంట్ల వరి అట్ల.

దాని మీద లెవీ ఒకటి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుంటే 1942ల బర్మా జపానోళ్ళ చేతికి పోయి అక్కడి బియ్యం రాకడ ఆగింది. 1943ల బెంగాల్ల లక్షల మంది ఆకలికి పోయిన్రు. నిజాం సర్కారు ప్రతి రైతు పండించిన దాంట్ల ఇంత అని కొలవాలె, సర్కారు కట్టిన ధరకే ఇయ్యాలె అన్నది. పెద్ద దొరలు కాయితాల మీద తప్పించుకున్నరు, బరువు చిన్న రైతు మీద పడ్డది. వెట్టితో పాటు ఈ లెవీ గల్ల కూడ తెలంగాణ పోరాటానికి ఒక కారణం. మా తాత కొట్టంల ఎడ్లు కట్టేసే జాగ కింద పాతర తవ్వి ఒడ్లు దాసిండట. తీసేనాటికి సగం ముక్కినయి. ముక్కిన ఒడ్ల బువ్వ వాసన బాపమ్మకు సచ్చేదాక యాదికుండె. తన పండించిన ఒడ్లు తనే దొంగోని లెక్క దాసుకునుడు ఏందో, ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు.

ఇగ గట్క. దీన్ని కొంచెం ఎక్కువ రాస్త, ఎందుకంటే ఒండేటోళ్ళు తక్కువైన్రు. జొన్నలు పొద్దుగూకి నానవోసి, తెల్లారగట్ల ఆరవెట్టి ఇసుర్రాయిల ఇసరాలె. మెత్తటి పిండి కావొద్దు, రవ్వ కావాలె. చాటల చెరిగితే పొట్టు పోతది, పిండి ఒక దిక్కు, నూకలు ఒక దిక్కు. కుండల ఎసరు మరిగినంక ముందు నూకలు, అవి సగం ఉడికినంక రవ్వ. తెడ్డుతోని తిప్పుకుంట ఉండాలె, ఆపితే గడ్డలు కడతది, అడుగంటుతది. రాత్రి వేడివేడి గట్కల పప్పుచారు, లేకుంటే పచ్చిపులుసు, అదీ లేకుంటే తొక్కు. మిగిలిన దాంట్ల నీళ్ళు వోసి ఉంచితే తెల్లారి పులుస్తది, చల్ల కలుపుకొని ఉల్లిగడ్డ కొరుక్కుంట తాగి పొలం పోవుడే. తైద అంబలి వేరే, అది ఎండకాలం. మక్క గట్క మా ఇంట్లకు ఎప్పుడు వచ్చిందో అవ్వకు తెల్వదు, ఆమె కాపురానికి వచ్చేటప్పటికే ఉన్నదట.

కొలతలు సుత రాసుకున్న. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానెడు. మా ఇంట్ల ఏడుగురికి పూటకు ఎంత ఇసిరేది అవ్వను అడిగితే, చేతులతోనే సైగ చేసి చూపెడ్తది, అంకె చెప్పదు. ఆమె చేతుల పట్టే కొలతను తక్కెట్ల వేద్దామంటే ఇప్పుడు ఆ చేతులు వణుకుతున్నయి.

కూరలు కొన్నవి కావు. చెల్కల గునుగాకు, దొగ్గలికూర, తుమ్మికూర. చెరువు తగ్గితే పరకలు, జెల్లలు, అదృష్టం ఉంటే కొర్రమట్ట. అడివిల తునికిపండ్లు, మొర్రిపండ్లు. ఇవన్ని రాస్తుంటే నోట్ల నీళ్ళూరినయి. అవ్వకు చదివి వినిపిస్తే మాత్రం మొఖం అటు తిప్పుకున్నది. "ఏం కమ్మగుంటదిరా గునుగాకు? ఏం లేక తిన్నం" అన్నది. నేను కమ్మగ యాది చేసుకునేదాంట్ల సగం ఆమెకు కమ్మగ లేదు. అక్కడికి రెండు రోజులు పెన్ను పట్టలే.

తర్వాతి ఏండ్లు తొందరగ నడిచినయి, తొందరగనే చెప్త. ఫిలిప్పీన్స్ల 1966ల ఐ.ఆర్.8 వచ్చింది, పొట్టి వరి. మా దిక్కు ఎక్కువ నడిచింది హంస, తెల్లహంస. యూరియా వచ్చింది, మోటర్లు వచ్చినయి, ఎకరానికి గింజ పెరిగింది. మేం బడికి పోయేనాటికి మధ్యాహ్నం అమెరికా గోధుమ రవ్వ ఉప్మా పెట్టేటోళ్ళు. ఆ వాసన వయసులున్నోళ్ళకు ఎరుకే. 1983ల ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయినంక కిలో రెండ్రూపాల బియ్యం. "ఆ యేడే ఇసుర్రాయి మూలకు పడ్డది" అని అవ్వ చెప్తది. మా ఇంటి చరిత్రల నాకైతే అంతకన్న పెద్ద తారీకు లేదు. 1986ల బాపట్ల నుంచి బీపీటీ 5204, మన సాంబమసూరి వచ్చినంక సన్నన్నం పెండ్లిళ్ళల్ల మామూలైంది. 2025 ఉగాది నుంచి రేషన్ల కూడ సన్నబియ్యమే ఇస్తున్నరు. ఇటు చూస్తే 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల యేడు అన్నది, సుగర్ వచ్చినోనికి డాక్టర్లు జొన్నరొట్టె తినుమంటున్నరు, జొన్నలు బియ్యం కన్న పిరం. అవ్వకు ఇది వింటే నవ్వు ఆగదు.

ఇట్ల ఒక్కొక్క పేజీ నిండుతున్నది. నడుమ ఒక్క పేజీ ఖాళీ. 1972.

1972 కరువు తెలంగాణల వయసు మీదున్నోళ్ళందరికి ఎరుకే. ఆ వానకాలం వానలు మొఖం చాటేసినయి. నేను 1970ల పుట్టిన, నాకు యాది ఉండే ముచ్చట కాదు. మా పెద్దన్నకు ఎనిమిదేండ్లు. ఆ యేడుది మా ఇంట్ల ఒక్కటే కత చెప్పుకునేటోళ్ళు. అటుక మీద విత్తనం కుండ ఉండె. పచ్చజొన్నలు. బూడిద, యాపాకు కలిపి మూతి మీద మన్నుతోని మెత్తిన కుండ. ఆలస్యంగ ఒక వాన పడితే బాపు ఎద్దులు కట్టి, విత్తనం కుండ దించిండు. మూతి మీది మన్ను కొత్తది, కుండల సగం బూడిద. పెద్దన్న పేలాలు ఏంచుకొని తిన్నడో, అమ్ముకొని బెల్లం తిన్నడో అని ముల్లుగర్రతోని కొట్టిండు. అన్న మూడు దినాలు మేనత్త ఇంట్ల పన్నడు. విత్తనం కోసం మల్ల నాగు తెచ్చిన్రు, ఆ అప్పు పెరిగి పెరిగి ఎకరం చెల్క పోయింది. అప్పటినుంచి అన్నకు ఇంట్ల పేరు "గింజల దొంగ". పండుగకు అందరం కూసుంటే ఎవ్వరో ఒకరు అనేటోళ్ళు, అందరం నవ్వేటోళ్ళం. నేను ఎక్కువ నవ్వేటోణ్ణి.

అవ్వను నేను అందరి గురించి అడిగిన, బాపు ఏం తిన్నడు, మేమేం తిన్నం అని. ఆమె ఏం తిన్నదో రాసుకునే వరుస కూడ ఖాళీగనే ఉండె. ఒకనాడు రాత్రి ఆమె మంచం కాడ కూసొని అడిగిన.

"నువ్వేం తినేదానివే అవ్వా?"

"మీరు తిన్నంక మిగిలింది."

"మిగలకపోతే?"

"గంజి తాగేదాన్ని, పండేదాన్ని. ఎందుకురా ఇప్పుడు."

"మరి కరువు యేడు?"

జరసేపు మాట్లాడలే. నిద్రవోయిందేమో అనుకున్న. తర్వాత మెల్లగ చెప్పింది. "ఆ గింజలు వాడు తినలే బిడ్డా. నేనే తీసిన. నువ్వు ఇంకా పాలు మరువలే. నాకు పాలు ఎండిపోయినయి. గుక్కపట్టి ఏడుస్తుంటివి. రోజుకు గుప్పెడు దంచి, జావ కాసి నీకు వోసిన. మీ బాపు పొలం పోయినంక. మల్ల మన్ను మెత్తి పెట్టిన."

"అన్నను కొడుతుంటే చెప్పకపోతివా?"

"విత్తనం గింజ తిన్నదంటే అప్పట్ల ఏమంటరో నీకు తెల్వది. మీ బాపు నన్ను పుట్టింటికి తోలేటోడు. చిన్నోనివి నిన్ను ఎవ్వడు సాకాలె?" ఇంకొక మాట అన్నది. "వాడు పోరడు, దెబ్బలు మానుతయి అనుకున్న."

మిత్రులారా, నోటుబుక్కు కొన్ననాడు ఇది రాయాల్సి వస్తదని అనుకోలే. విత్తనం గింజ సంగతి మనకు వేరే చెప్పాల్నా? పస్తులుండైనా దాసుకునేది. ఆ గింజలు తిన్నది నేను. దెబ్బలు తిన్నది అన్న. చెల్క పోయింది. యాభై ఏండ్లకు పైగ నవ్వింది మళ్ళీ నేను.

ఇంకోటి కూడ చెప్పాలె, ఊళ్ళె చాన మందికి ఎరుకే. మా అన్నకు నాకు పదకొండేండ్ల సంది మాటలు లేవు. పంపకాలల్ల గట్టు కాడ పంచాయితి. తోవ ఎవ్వరిది అని. ఇద్దరం ఒక్కటే తూము నీళ్ళు పారిచ్చుకుంటం, ఒకరి మొఖం ఒకరు చూడం. చావులకు పోతం, ఎవ్వరి మూలకు వాళ్ళం నిలవడతం.

రాయకుంటే ఏమైతది అనుకున్న. బిడ్డకు వంటల పుస్తకం లెక్క రాసిస్తే సంతోషపడ్తది. 1972 కాడ "కరువు వచ్చె, కష్టపడితిమి" అని ఒక్క ముక్క రాసి దాటొచ్చు. గని గుడి శాసనంల మట్టి మోసినోళ్ళ సంగతి లేదని పైన అంతసేపు వాదించిన నేను, మా ఇంటి లెక్క కాడికి వచ్చేవరకు నేనే దాసిపెడ్తనా? మూడు రాత్రులు పన్నుకోలే. నాలుగోనాడు పొద్దున అన్న ఇంటికి పోయిన.

వదిన చూసి బిత్తరపోయింది. అన్న అరుగు మీద కూసొని పలుపుతాడు పేనుతుండె. నేను నిలవడే చెప్పిన, అవ్వ చెప్పింది చెప్పినట్టు. తాడు పేనుడు ఆపలే. మొత్తం విన్నంక, "నాకెరుకే" అన్నడు.

"ఎట్ల?"

"నేను చూసిన గదరా. అవ్వ అటుక ఎక్కుతుంటే కింద కుండ పట్టుకున్నది నేనే."

నాకు మాట రాలే. మరి బాపు కొడుతుంటే ఎందుకు చెప్పలే, ఇన్నేండ్లు మేం దొంగ అంటుంటే ఎందుకు ఊకున్నవని అడిగిన. జవాబు చెప్పలే. తాడు ముడి వేసి పక్కన వెట్టి, "నువ్వు రాసుకుంటున్నవట గద, సరిగ రాయి. అవి పచ్చజొన్నలు కావు, తెల్లజొన్నలు. మేనత్త ఇంట్ల ఉన్నది మూడు దినాలు కాదు, పదిహేను దినాలు. ఆమె నాకు రోజు వరన్నం పెట్టింది. నాకు ఆ కరువుల బువ్వ తిన్నట్టే యాది" అన్నడు. వదిన చాయ్ తెచ్చింది. తాగిన.

అవ్వను అడిగితే పచ్చజొన్నలే అంటది. అన్న తెల్లజొన్నలే అంటడు. ఆ పేజీల రెండు రాసిన, ఎవ్వరిది వాళ్ళ పేరు మీద. బాపు ఉంటే మూడోది చెప్పేటోడో ఏమో. ఆయనకు ఈ సంగతి తెల్వకుంటనే పోయిండు.

మీ ఇండ్లల్ల 1972 యాది ఉన్నోళ్ళు ఎవ్వరన్న ఉంటే, ఆ యేడు మీ ఊళ్ళె ఏ జొన్న వేసిన్రో, ఏం తిన్నరో అడిగి కింద రాయండ్రి. చదువుకున్నోళ్ళు రాసింది వద్దు, ఇంట్లోళ్ళు చెప్పిందే రాయండ్రి. మొన్నటి ఆ బడి పోరని పేరు అడగకపోతిని, తెలిస్తే వానికి సుత సరైన సంగతి చెప్పిపంపుదును.

నిన్న ములుగుల పచ్చజొన్నలు రెండు కిలోలు, తెల్లజొన్నలు రెండు కిలోలు తెచ్చిన. ఇసుర్రాయి మూలనుంచి తీసి కడిగిన, పంటి పోయింది, గాట్లు పెట్టేటోళ్ళు దొరుకుతలేరు. ఎట్లనో అట్ల ఇసురుతం. రెండు రకాల గట్క ఒండాలె, అవ్వ మంచం కాడ కూసొని చెప్తది, మా ఇంటామె తెడ్డు తిప్పుతది. రేపు రాత్రి అన్న వస్తనన్నడు. రోడ్డు మీదినుంచి కాదు, గట్టు మీదినుంచే రమ్మన్న.